చిత్తూర్ అని కొడితే చిత్తూరు ఎందుకు మాయమవుతుంది?

తిరుపతి రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉన్న లాడ్జీ కౌంటర్ల దగ్గర తెల్లవారుజామునే రద్దీ మొదలవుతుంది. రాత్రి బస్సులు, రైళ్లు దిగినవారు భుజాన సంచులతో, చంకలో నిద్రపోతున్న పిల్లలతో వరుసగా నిలబడతారు. కౌంటరులో కూర్చున్న మనిషి పేరు, ఊరు, ఫోను నంబరు, ఎందరు వచ్చారు అని అడుగుతూ ఒక్కొక్కటే కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. పేరు ఎవరిది వారికే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ పూర్తిగా టైపు చేయక తప్పదు. ఊరు అలా కాదు. చెన్నై, చిత్తూరు, నెల్లూరు, కడప, బెంగళూరు, హైదరాబాదు అంటూ అవే పేర్లు రోజంతా తిరిగి తిరిగి వస్తాయి. ఊరి గడిలో రెండు మూడు అక్షరాలు పడగానే మిగతాది తానే చూపించే ఆటోకంప్లీట్ ఉంటే, వరుస చివరన నిలబడ్డ పిల్లల తల్లికి కొన్ని నిమిషాలు కలిసివస్తాయి.

ఇలాంటి కౌంటరు సాఫ్ట్‌వేర్ రాసేది ఎక్కువగా చిన్న బృందాలే. గడికి ఆటోకంప్లీట్ తగిలించడం వారికి అరగంట పని. ఊళ్ల జాబితా ఒకటి ఇచ్చి, దాన్ని గడికి జతచేస్తే చాలు, ఇంగ్లీషులో చక్కగా పనిచేస్తుంది. అదే గడిలో తెలుగు టైపు చేసినప్పుడు అసలు కథ మొదలవుతుంది.

ఇంగ్లీషు కీలు నొక్కితే తెలుగు పడే పద్ధతిలో ఒకరు చిత్తూరు అని టైపు చేస్తున్నారనుకుందాం. మొదటి హల్లుకు తగిన కీలు నొక్కగానే గడిలో 'చ్' పడుతుంది. అచ్చు ఇంకా రాలేదు కాబట్టి హల్లు పొల్లుతో నిలబడింది. 'చ్'తో మొదలయ్యే ఊరు జాబితాలో ఒక్కటీ లేదు, కనుక ఏమీ కనిపించదు. తర్వాతి కీతో 'చి' అవుతుంది. చిత్తూరు, చిలకలూరిపేట ప్రత్యక్షమవుతాయి. ఒక టి నొక్కితే 'చిత్', చిత్తూరు నిలిచింది. ఇంకో టి నొక్కితే 'చిత్త్', జాబితా మాయం. ఓ ఒకసారి నొక్కితే 'చిత్తొ', ఇంకా రాలేదు. రెండోసారి నొక్కితే 'చిత్తూ', తిరిగి వచ్చింది. ఆర్ నొక్కితే 'చిత్తూర్'; మళ్లీ పోయింది. ఇంగ్లీషులో ఆ ఊరి పేరు ఆర్‌తోనే ముగుస్తుంది కాబట్టి అలవాటు కొద్దీ చేయి అక్కడే ఆగిపోతుంది. పేరు పూర్తయిందని మనిషి అనుకున్న క్షణంలోనే అలాంటి ఊరు లేదని కంప్యూటర్ చెబుతోంది.

ఇదే పేరును, తెలుగు గుర్తులకే నేరుగా కీలు ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కొడితే చ, గుడి, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అని ఎనిమిది గుర్తులు వరుసగా పడతాయి. ఏ మెట్టులోనూ జాబితా పోదు. గడి ఒకటే, జాబితా ఒకటే, ఊరూ ఒకటే. కీబోర్డు మారితే ఒకరికి నమ్మకంగా పనిచేసేది ఇంకొకరికి దీపం రెపరెపలాడినట్టు ఆడుతోంది.

ఆటోకంప్లీట్ పెట్టేవారు శ్రమంతా కిందికి జారే జాబితా మీద పెడతారు: దాని నీడ, రంగు, అంచుల గుండ్రదనం. కానీ అది నిలిచేదీ కూలేదీ వేరే రెండు చోట్ల. టైపు చేసినదాన్ని జాబితాలోని పేరుతో ఎలా పోలుస్తున్నాం అన్నది మొదటిది. చూపించిన పేరును ఏ క్షణంలో ఖాయం చేస్తున్నాం అన్నది రెండోది. సిద్ధంగా దొరికే విడ్జెట్లు (గడి, బటన్ వంటి తెర భాగాలు) ఈ రెండింటికీ ఏదో ఒక సమాధానం ముందే పెట్టుకుని వస్తాయి. ఆ సమాధానాలు ఎక్కువగా ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్నవి.

సిద్ధంగా దొరికేవి

సగం కొడితే మిగతాది యంత్రమే నింపడం కొత్త ఆలోచన కాదు. 1970ల నాటి టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలోనే ఆజ్ఞల పేర్లను ఇలా నింపే ఏర్పాటు ఉండేది; యూనిక్స్ వారికి పరిచయమైన టీసీఎస్‌హెచ్ అనే షెల్ (టైపు చేసిన ఆజ్ఞలు తీసుకునే ప్రోగ్రాం) పేరులోని మొదటి అక్షరం దాని నుంచి వచ్చిందే. కిటికీలు, గడులు ఉన్న తెరల మీదికి వచ్చేసరికి ఈ సదుపాయం తెరలు కట్టే ఒక్కో సాధనంలో ఒక్కో రూపం తీసుకుంది.

క్యూటీ అనే గ్రంథాలయంలో (ప్రోగ్రాములు వాడుకునే తయారు కోడు) 2006 నాటి 4.2 కూర్పు (వెర్షన్) నుంచి క్యూకంప్లీటర్ అనే క్లాసు ఉంది. ఒక జాబితాను దానికి అప్పగించి, దాన్ని గడికి తగిలిస్తే పని అయిపోతుంది. ఏమీ మార్చకపోతే అది పేరు మొదటి నుంచే పోలుస్తుంది, ఇంగ్లీషు పెద్ద అక్షరాలను చిన్న అక్షరాలను వేరుగా చూస్తుంది, ఒకేసారి ఏడు వరుసలు చూపిస్తుంది. పేరు మధ్యలో ఉన్నా పట్టుకునే ఏర్పాటు 2013లో వచ్చిన 5.2 కూర్పుతో చేరింది. విండోస్ ఫార్మ్స్‌లో 2005 నాటి డాట్‌నెట్ 2.0 నుంచి మామూలు టెక్స్ట్ బాక్సుకే ఈ లక్షణం ఉంది: కింద జాబితా చూపించాలా, గడిలోనే మిగతాది నింపాలా, రెండూ చేయాలా అని ఎంచుకోవచ్చు. కానీ పోల్చే పద్ధతిని మార్చుకునే వీలు అందులో లేదు. అందుకే తెలుగు పేర్లతో పనిచేసే కౌంటరుకు అది త్వరగానే చాలకుండా పోతుంది.

జీటీకేలో 2004 నాటి 2.4 కూర్పుతో వచ్చిన ఎంట్రీ కంప్లీషన్ పోలికను సొంతంగా రాసుకోనిస్తుంది, ఆ మేరకు మంచిదే. అయితే 2023లో వచ్చిన 4.10 కూర్పులో దాన్ని విరమించవలసిన వాటి వరుసలో పెట్టారు, కొత్త పనికి దాని మీద ఆధారపడకపోవడం మేలు. జావా స్వింగ్‌లోనూ పైథాన్‌తో వచ్చే టీకేఇంటర్‌లోనూ ఇది నేరుగా లేదు. కాలేజీ ప్రాజెక్టులు చాలావరకు ఈ రెండింటి మీదే నడుస్తాయి కాబట్టి, విద్యార్థులు గడి, జాబితా, కీల స్పందన అన్నీ చేత్తో కట్టుకోవలసి వస్తుంది. ఒక్కసారి అలా కట్టి చూసినవారికి లోపల ఏం జరుగుతుందో బాగా తెలుస్తుంది, అది వృథా శ్రమ కానే కాదు. వెబ్ పేజీల్లో డేటాలిస్ట్ అనే మూలకం ఉంది. దాన్ని ఎలా చూపించాలో, ఎలా పోల్చాలో బ్రౌజరే తేల్చుకుంటుంది. చిన్న పనికి అది చాలు, కౌంటరు పనికి చాలదు.

ఆండ్రాయిడ్‌లోని ఆటోకంప్లీట్‌టెక్స్ట్‌వ్యూ మొదటి కూర్పు నుంచీ ఉంది. కనీసం రెండు అక్షరాలు పడేదాకా జాబితా చూపవద్దన్నది దాని సహజ నియమం. ఆ 'రెండు' అన్నమాట దగ్గర తెలుగు మనిషి ఒక్క క్షణం ఆగాలి. రెండు ఏమిటి?

అక్షరం అంటే ఏది

అవధానంలో నిషిద్ధాక్షరి అనే అంశం ఉంది. అవధాని పద్యం చెప్పడం మొదలుపెడితే, తర్వాత ఏ అక్షరం వేయబోతున్నారో పృచ్ఛకుడు ఊహించి, సరిగ్గా దాన్నే వద్దంటారు. ముందు పడ్డ అక్షరాలను బట్టి రాబోయేదాన్ని పసిగట్టడం అక్కడ పృచ్ఛకుడి పని, ఇక్కడ కంప్యూటర్ పని. అయితే పృచ్ఛకుడు లెక్కపెట్టేది తెలుగు అక్షరాలను. హల్లు, దాని మీది గుణింతపు గుర్తు, కింది ఒత్తు అన్నీ కలిసి ఒక్కటి. కంప్యూటర్ లెక్కపెట్టేది యూనికోడ్ సంకేతాలను, అంటే హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కదానికీ విడిగా ఇచ్చిన సంఖ్యలను.

చిత్తూరు మూడు అక్షరాల పేరు: చి, త్తూ, రు. కంప్యూటర్‌కు అది ఎనిమిది సంకేతాలు. తిరుపతి నాలుగు అక్షరాలు, ఏడు సంకేతాలు. శ్రీకాళహస్తి అయిదు అక్షరాలు, పన్నెండు సంకేతాలు. అందులో 'శ్రీ' ఒక్కటే నాలుగు. కాబట్టి 'రెండు అక్షరాల తర్వాత చూపించు' అన్న నియమం తిరుపతి విషయంలో 'తి' పడగానే తీరిపోతుంది, శ్రీకాళహస్తి విషయంలో 'శ్' దగ్గరే తీరిపోతుంది. ఇంగ్లీషులో రెండు అక్షరాలంటే ఎంతో కొంత వడపోత. తెలుగులో అది ఒక్కోసారి ఒక అక్షరం, ఒక్కోసారి అందులో సగం. ఇలాంటి పరిమితులను పూర్తయిన అక్షరాల లెక్కన పెట్టుకోవాలి. ఊళ్ల పేర్ల వంటి చిన్న జాబితాకైతే పరిమితే అక్కరలేదు, మొదటి గుర్తు నుంచే చూపించవచ్చు.

గడిలోనే మిగతా భాగాన్ని రంగు మార్చి నింపే పద్ధతి తెలుగుకు ఎందుకు నప్పదో కూడా ఇక్కడే తేలుతుంది. ఇంగ్లీషులో టైపు చేసిన భాగం మామూలుగా, నింపిన భాగం నీలి నేపథ్యంలో కనిపిస్తాయి, మధ్య గీత స్పష్టంగా ఉంటుంది. తెలుగులో 'చిత్' దగ్గర ఆగితే నింపవలసింది 'తూరు'. కానీ తెర మీద ఆ రెండు తకారాలు కలిసి 'త్తూ' అనే ఒకే ఆకారం అయిపోయాయి. ఏది టైపు చేసినది, ఏది నింపినది? నీలిరంగు అక్షరం నడుమ మొదలవాలి. ఒక్కో ప్రోగ్రాం ఒక్కోలా గీస్తుంది: ఒకటి అక్షరాన్ని నిలువునా కోసినట్టు సగానికి రంగు వేస్తుంది, ఇంకొకటి మొత్తానికీ వేస్తుంది, మరొకటి ఒత్తును విడదీసి 'త్' పక్కన 'తూ' పెడుతుంది. ఇలాంటి సంయుక్తాక్షరాన్ని ఒకే ముద్దగా చూడాలన్న నియమం యూనికోడ్‌లో తెలుగుకు 2023 నాటి 15.1 కూర్పుతోనే వచ్చింది. అంతకు ముందరి నియమాల మీద కట్టిన గ్రంథాలయాలు పొల్లు తర్వాత విరిచేస్తాయి. అందుకే ఒకే కోడు పాత కంప్యూటర్‌లో ఒకలా, కొత్తదానిలో ఒకలా కనిపిస్తుంది.

దీనికి తోడు వెనక్కి చెరిపే కీ ఉంది. చాలా చోట్ల అది ఒక సంకేతాన్నే చెరుపుతుంది. 'త్తూ'లో కొమ్ముదీర్ఘం చెరిపితే, గడిలో నింపే పద్ధతి అదే కొమ్మును తిరిగి నింపి ముందు పెడుతుంది. మనిషి చెరుపుతూ ఉంటే యంత్రం రాస్తూ ఉంటుంది. చెరిపే కీ నొక్కినప్పుడు నింపడం ఆపాలన్నది ఏ భాషలోనైనా పాటించవలసిన నియమం. తెలుగులో దాన్ని మరిచిపోతే గడి పనికిరాకుండా పోతుంది. మొత్తం మీద తెలుగు గడికి కింద జాబితా చూపించడమే తగిన పద్ధతి, గడిలో నింపడం మానుకోవాలి.

పోలిక రూపం

జాబితాలో ప్రతి పేరుకూ రెండు రూపాలు ఉంచాలి. తెర మీద చూపించేది ఒకటి, పోల్చడానికి మాత్రమే వాడేది ఇంకొకటి. రెండోదాన్ని ముందే తయారుచేసి దాచుకోవాలి. గడిలో పడ్డ మాటను కూడా అదే మరలో వేసి, అదే రూపంలోకి తెచ్చి పోల్చాలి. ఈ మరలో ఏమేం వేయాలన్నదే ఆటోకంప్లీట్‌లో భాషకు సంబంధించిన పని అంతా.

మొదట చేయవలసింది కంటికి కనిపించని తేడాలను తుడిచేయడం. 'చెన్నై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. సంకేతాలను ఉన్నవి ఉన్నట్టు పోల్చే కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేరు వేరు ఊళ్లు. యూనికోడే నిర్దేశించిన సాధారణీకరణ విధానాల్లో ఏదో ఒకదాన్ని రెండు వైపులా వర్తింపజేస్తే ఈ చిక్కు తీరిపోతుంది. అలాగే 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో ఒత్తు పడకుండా పొల్లును నిలబెట్టడానికి కనిపించని ఒక గుర్తు వాడతారు. ఒకరు దాన్ని పెడతారు, ఒకరు పెట్టరు. పోలిక రూపంలో దాన్ని తీసిపారేయాలి. ఊళ్ల జాబితా పాత డీటీపీ ఫైళ్ల నుంచి వచ్చి ఉంటే ఇంకా ముందే జాగ్రత్తపడాలి: అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు యూనికోడ్ కాదు, మార్చకుండా వాడితే ఒక్క పేరూ దొరకదు.

తర్వాతిది మొదట్లో చూసిన పొల్లు. గడిలోని మాట పొల్లుతో ముగిస్తే, పోల్చే ముందు ఆ చివరి పొల్లును తీసేస్తే చాలు. 'చ్' కాస్తా 'చ' అవుతుంది, చిత్తూరు, చెన్నై, చంద్రగిరి అన్నీ వస్తాయి. 'చిత్త్' 'చిత్త' అవుతుంది, చిత్తూరు నిలుస్తుంది. 'చిత్తూర్' 'చిత్తూర' అవుతుంది, చిత్తూరు దొరుకుతుంది. పుత్తూర్, నెల్లూర్, గుంటూర్, ఒంగోల్ అన్నీ ఈ ఒక్క సవరణతో దారికి వస్తాయి. పది పంక్తులు కూడా పట్టని ఈ మార్పు కౌంటరులో ఇచ్చే ఫలితం, జాబితాకు ఎన్ని అలంకారాలు చేసినా రాదు. మిగిలేది 'చిత్తొ' వంటి నడిమి మెట్టు. దానికి మందు వేరు: ఏమీ దొరకనప్పుడు జాబితాను వెంటనే మూసేయకుండా, సెకనులో మూడో వంతు పాటు పాతదాన్నే ఉంచితే అంతలో తర్వాతి కీ పడిపోతుంది.

కొన్ని కీబోర్డులు, ముఖ్యంగా ఫోన్లలోవి, మాట పూర్తయి ఖాళీ నొక్కేదాకా గడికి ఏమీ అప్పగించవు. అక్షరాల కింద గీతతో కనిపించేదంతా ఇంకా కీబోర్డు చేతిలోనే ఉంటుంది. క్యూటీ గడిని ఏముందని అడిగితే ఈ కింద గీత ఉన్న భాగాన్ని లెక్కలోకి తీసుకోదు. వెబ్‌లో అయితే ఇలా మాట కూర్చడం మొదలైంది, మారింది, ముగిసింది అని విడిగా కబుర్లు వస్తాయి. వీటిని పట్టించుకోకపోతే జాబితా మాట పూర్తయ్యాక తీరిగ్గా వస్తుంది, అప్పటికి దానితో పని ఉండదు. మాట కూర్చడం నడుస్తుండగా నొక్కిన ఎంటర్ కీబోర్డుకు చెందినది, జాబితాకు కాదు. ఈ ఒక్క తేడా తెలియని గడులు తెలుగు వారిని ఎంత విసిగిస్తాయో వాడినవారికే తెలుసు.

ఇక వర్ణక్రమం తెలిసినవారే తడబడే చోటు ఒకటి ఉంది. జాబితా పెద్దదైతే దాన్ని వరుసలో పెట్టి, నడుమకు చీలుస్తూ వెతకడం మామూలు. పది వేల పేర్లున్నా పద్నాలుగు పోలికల్లో చోటు దొరుకుతుంది. క్యూకంప్లీటర్‌కు జాబితా వరుసలో ఉందని చెబితే అది ఇలాగే వెతుకుతుంది. అయితే ఎవరి వరుస? తెలుగు వర్ణమాలలో ళ చివరికి, హ తర్వాత వస్తుంది. యూనికోడ్‌లో దాని చోటు ల పక్కన, వ కంటే ముందు. వర్ణమాల ప్రకారం కావలి ముందు, కాళహస్తి తర్వాత. సంకేతాల ప్రకారం కాళహస్తి ముందు, కావలి తర్వాత. నిఘంటువు వరుసలో పేర్చిన జాబితాను సంకేతాల వరుస అనుకుని చీలుస్తూ వెతికితే, ళ ఉన్న కొన్ని పేర్లు జాబితాలో ఉండి కూడా దొరకవు. ఏ తప్పూ చూపించదు, ఊరు లేనట్టే ఉంటుంది. కొన్ని వేల పేర్లకైతే ఈ తంటా ఎందుకు? మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్కటే చూసినా మనిషికి ఆలస్యం తెలియదు. సెకనులో పదో వంతు లోపల స్పందిస్తే అప్పటికప్పుడే జరిగినట్టు అనిపిస్తుందని తెరల రూపకల్పనలో చాలాకాలంగా పాటిస్తున్న కొలత. ఈ పరిమాణంలో దాన్ని దాటే ప్రమాదమే లేదు.

వర్ణక్రమ దోషాలను ఎంతవరకు క్షమించాలన్నది ఆలోచించి తేల్చవలసిన మాట. హ్రస్వ దీర్ఘాలు, ఒత్తు హల్లులు, శ ష స, ల ళ, న ణ అన్నింటినీ ఒకటి చేస్తే ఏ రకంగా టైపు చేసినా ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ అప్పుడు 'నగర' అని కొడితే నగరితో పాటు నాగారం కూడా వస్తుంది. అందుకని వదులు పోలికను రెండో వరుసకే పరిమితం చేయాలి: ఉన్నది ఉన్నట్టు సరిపోయినవి పైన, వదులుగా సరిపోయినవి కింద. మదనపల్లె అని ఒకరు, మదనపల్లి అని ఒకరు, ఎర్రావారిపాలెం అని ఒకరు, యర్రావారిపాలెం అని ఒకరు రాసే చోట సూత్రాల కంటే మారుపేర్ల పట్టిక మేలు. దామలచెరువు మామిడి మండీలో చీటీ రాసే తెరకు ఈ పట్టిక లేకపోతే కుదరనే కుదరదు. ఒకే కాయను ఒక రైతు తోతాపురి అంటాడు, ఇంకొకరు బెంగళూరా అంటారు, మరొకరు కలెక్టర్ అంటారు. బంగినపల్లిని బేనీషా అనేవారున్నారు. ఏ సూత్రమూ 'బె' నుంచి తోతాపురిని రాబట్టలేదు. ఏ పేరు కొట్టినా ఒకే రకం దగ్గరికి చేర్చాలి. అదే సమయంలో రైతు చెప్పిన పేరును కూడా వరుసలో చూపించాలి, లేకపోతే తాను కొట్టింది ఒకటి వచ్చింది ఒకటి అని చీటీ రాసే మనిషి తికమకపడతాడు.

మధ్యలో వెతకడం గురించి కూడా ఒక మాట. శ్రీకాళహస్తిని జనం కాళహస్తి అనే అంటారు కాబట్టి మొదటి నుంచి మాత్రమే పోల్చే గడికి ఆ ఊరు దొరకదు. పేరు నడుమ కూడా వెతికితే దొరుకుతుంది, కానీ 'కోట' అని కొడితే శ్రీహరికోట, వెంకటగిరికోట, బి.కొత్తకోట అన్నీ వచ్చిపడతాయి. మొత్తం సరిపోయినది, మొదట సరిపోయినవి, నడుమ సరిపోయినవి అన్న వరుస తప్పక పాటించాలి. నడుమ పోలిక ఒక పూర్తి అక్షరం దగ్గరే మొదలవ్వాలి. లేకపోతే 'తూరు' కోసం వెతికితే చిత్తూరులోని ఒత్తు నడుమ నుంచి పట్టుకుంటుంది.

ఎంటర్ ఎవరిది

గూడూరు దగ్గర కోట అనే ఊరు ఉంది. లాడ్జీ జాబితాలో అది లేదనుకుందాం, శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మాత్రం ఉంది. కౌంటరు మనిషి 'కోట' అని కొట్టి ఎంటర్ నొక్కుతాడు. జాబితాలో మొదటి వరుసను ముందే ఎంపిక చేసి ఉంచే గడి అయితే గూడూరు పక్కనుంచి వచ్చిన కుటుంబం రిజిస్టరులో శ్రీకాకుళం జిల్లా వారైపోతుంది. ఎవరూ గమనించరు. ఇది తప్పు ఊరు చూపించడం కంటే పెద్ద తప్పు, ఎందుకంటే మనిషి సరిగ్గానే రాశాడు, యంత్రం మార్చింది.

కాబట్టి జాబితాలో లేని మాటను కూడా అనుమతించే గడిలో, బాణం కీతోనో మౌసుతోనో మనిషి తాకేదాకా ఏ వరుసా ఎంపికై ఉండకూడదు. జాబితాలో ఉన్నవే చెల్లే గడి వేరు. అక్కడ మొదటి వరుసను ఎంపిక చేసి ఉంచవచ్చు. ఈ రెండు రకాల గడులను ఒకేలా నడపడం వల్లే సగం గొడవలు వస్తాయి. ఎస్కేప్ నొక్కితే జాబితా మూసుకోవాలి, టైపు చేసిన మాట చెక్కుచెదరకుండా ఉండాలి, ఆ నొక్కు వెనకున్న కిటికీ దాకా పోయి ఫారాన్నంతా మూసేయకూడదు. జాబితాలో ఎంచుకోవడానికి నొక్కిన ఎంటర్ కూడా అక్కడే ఆగాలి, సేవ్ బటన్ దాకా పోకూడదు. ట్యాబ్ విషయంలో రెండు అలవాట్లున్నాయి: ఎంచుకుని ముందుకు పోవడం, ఏమీ ఎంచుకోకుండా పోవడం. ఏదైనా సరే, సాఫ్ట్‌వేర్ అంతటా ఒకటే ఉండాలి.

వరుసల క్రమం కూడా చేతికి సంబంధించినదే. తిరుపతి కౌంటరులో 'చె' కొడితే చెన్నై పైన ఉండాలి, తరచు వచ్చే ఊళ్లను ముందుకు తేవడం సబబే. కానీ వాడుకను బట్టి ప్రతి నొక్కుకూ క్రమం మారుతూ ఉంటే, 'చి' కొట్టి కింది బాణం ఒకసారి నొక్కితే చిత్తూరు వస్తుందని నేర్చుకున్న చేయి మోసపోతుంది. క్రమాన్ని రోజుకోసారి, అదీ షిఫ్టు మారేటప్పుడు మార్చడం మంచి పద్ధతి.

ఎంచుకున్నాక దాచవలసింది పేరును కాదు, ఊరికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యను. తిరుపతి పక్కన పుత్తూరు ఉంది, దక్షిణ కన్నడలోనూ పుత్తూరు ఉంది. యాత్రికులు రెండు చోట్ల నుంచీ వస్తారు. జాబితాలో ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో జిల్లా పేరు చూపిస్తే తేడా తెలుస్తుంది. ఆ జిల్లా పేరూ శాశ్వతం కాదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు చిత్తూరు జిల్లాలోని తిరుపతి కొత్త జిల్లా కేంద్రమైంది, మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. ఊరి పేరు పక్కన జిల్లాను కలిపి ఒకే మాటగా దాచుకున్న రిజిస్టర్లలో పాత పద్దులన్నీ వేరే ఊళ్లుగా మిగిలిపోతాయి. సంఖ్య దాచుకున్నవారు ఒక పట్టికలో జిల్లాను మార్చుకుంటే సరిపోతుంది.

కళ్లు కనిపించనివారు కౌంటరులో పనిచేస్తుంటే జాబితా వచ్చిన సంగతి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. వెబ్‌లో దీనికి స్పష్టమైన నియమాలున్నాయి, 2023లో ఖరారైన ఏరియా (ARIA) 1.2 అనే ప్రమాణం, గడి, జాబితా కలిసిన కాంబోబాక్సు పాత్రను వివరంగా చెబుతుంది: జాబితా తెరిచి ఉందా, ఇప్పుడు ఏ వరుస మీద ఉన్నాం, నింపే పద్ధతి ఏది అన్నవన్నీ గడే చెప్పాలి. టైపు చేసే చూపు (ఫోకస్) గడిలోనే ఉండాలి, జాబితాలోకి దూకకూడదు. క్యూటీ, ఆండ్రాయిడ్ సొంత విడ్జెట్లు ఈ పని కొంతవరకు తామే చేస్తాయి. చేత్తో కట్టుకున్న జాబితాలకు ఇది పూర్తిగా రాసేవారి బాధ్యత.

ఊరికి ఆటోకంప్లీట్ పెట్టిన ఉత్సాహంలో ఫోను నంబరుకూ, గుర్తింపు కార్డు సంఖ్యకూ పెట్టేస్తుంటారు. లాడ్జీ కౌంటరు తెర చాలా చోట్ల అవతల నిలబడ్డవారికి సగం కనిపిస్తూనే ఉంటుంది. రెండు అంకెలు కొట్టగానే నిన్న దిగినవారి సంఖ్యలు వరుసగా పరుచుకోవడం ఎంతమాత్రం తగదు. అలాంటి గడులకు ఆటోకంప్లీట్ పెట్టకూడదు, బ్రౌజర్ తనంతట తాను పెట్టేదాన్ని కూడా ఆపాలి.

జాబితా ఎలా పెరగాలన్నది చివరి చిక్కు. గడిలో కొట్టిన ప్రతి కొత్త మాటనూ జాబితాలో చేర్చేస్తే సులువే, ఎవరూ ఏమీ చేయనక్కరలేదు. కానీ తొందరలో ఒకరు 'చితూరు' అని కొడితే ఆ క్షణం నుంచి అది కూడా ఒక ఊరు. మర్నాడు 'చిత' కొట్టిన మరో మనిషికి చిత్తూరుతో పాటు అదీ కనిపిస్తుంది, ఒకరు ఎంచుకుంటారు, వాడుక లెక్క పెరుగుతుంది, లెక్క పెరిగిన కొద్దీ పైకి వస్తుంది. నెల తిరిగేసరికి అది మొదటి వరుసలో కూర్చుంటుంది. కొత్త మాటలను విడిగా ఒక పట్టికలో పోగుచేసి, వారానికోసారి లాడ్జీ నడిపేవారి ముందు పెట్టడమే దీనికి దారి. ఒక్కొక్కదాని పక్కన మూడు ఎంపికలు చాలు: ఇది కొత్త ఊరు, ఇది ఫలానా ఊరికి మారుపేరు, ఇది తప్పు. కోట మొదటిదాంట్లోకి, కాళహస్తి రెండోదాంట్లోకి, చితూరు మూడోదాంట్లోకి పోతాయి. మూడోదాన్ని కూడా చెరిపేయకుండా దాచి ఉంచితే, మళ్లీ ఎవరైనా 'చితూరు' అని కొట్టినప్పుడు కింద జాబితాలో చిత్తూరును చూపించడానికి పనికొస్తుంది.